స్కేలు పెట్టి కొట్టేసిన పేరు

"మూడు రోజులు!!!"

రీనుస్ పంపిన మెసేజిలో ఉన్నది అంతే. ఆ సమయానికి నీన్కే కుడిచేతి వేళ్ళకి గోధుమపిండి జిగురు అంటుకుని ఉంది, ఎడమచేతి కింద మూడు వందల ఏళ్ళనాటి కాలువల పటం ఉంది. బల్ల చివర వెలిగిన ఫోనుని మెడ చాచి చదివింది. చిరిగిన అంచు మీద పరిచిన పల్చటి కాగితాన్ని బద్దతో మెల్లగా ఒత్తి, పైన బరువు పెట్టి, చేతులు తుడుచుకుని, అప్పుడు ఎగిరింది.

"ఏమైంది?" అంది పక్క బల్ల దగ్గరున్న పై అధికారిణి, భూతద్దం దించకుండానే.

"మా ఆయనకి శుక్ర, శని, ఆది వరసగా సెలవు దొరికిందండీ!"

"మా ఆయన" అనే మాట వాడే అవకాశం వస్తే నీన్కే వదిలేది కాదు. కూరగాయల కొట్టులో కూడా, అడగనివాళ్ళకి సైతం, మా ఆయనకి ఉల్లికాడలంటే ప్రాణం అని చెప్పేది. పెళ్ళయి ఇరవై మూడు రోజులు. రీనుస్ దీవులకి వెళ్ళే పడవ మీద తాళ్ళు విసిరే ఉద్యోగి. అతని సెలవులు ఎప్పుడొస్తాయో అతనికే తెలియదు. ఆమె పని లేవార్డెన్ ఊరి పాతపత్రాల భవనంలో, పాడైన కాగితాలు బాగుచెయ్యడం. ఈ ఇరవై మూడు రోజుల్లో ఇద్దరూ కలిసి తిన్న పొద్దుటి ఫలహారాలు నాలుగు.

"వెళ్ళు. పటం మూడు వందల ఏళ్ళు ఆగింది. సోమవారం దాకా ఆగలేదా?" అంది పై అధికారిణి.

శుక్రవారం మిడెల్‌బుర్గ్‌లో రీనుస్ నానమ్మ దగ్గర. శనివారం మాస్ట్రిక్ట్‌లో నీన్కే కాలేజీ స్నేహితురాలు మిర్తె దగ్గర. ఆదివారం తిరిగి ఇల్లు. దేశానికి ఉత్తరపు కొసనుంచి నైరుతి మూలకి, అక్కడినుంచి ఆగ్నేయం మూలకి. ఎటు చూసినా నాలుగు గంటలు రైల్లో కూర్చోవాలి. లేవార్డెన్ వాళ్ళకి అది ఖండాలు దాటడంతో సమానం. నీన్కే పన్నెండు జున్ను రొట్టెలు చేసింది. ఎనిమిది జ్వోల్లె స్టేషను దాటేలోపే అయిపోయాయి.

"ఒక్క విషయం చెప్తా విను," అన్నాడు రీనుస్, ఆమె భుజం మీది రొట్టె పొడి దులుపుతూ. "నానమ్మ నిన్ను ఇంటి మనిషి అనుకుందో లేదో ఆవిడ మాటల్లో తెలియదు. టాయిలెట్లో చూడాలి."

"పుట్టినరోజుల క్యాలెండరా?"

"అదే. సిరాతో రాస్తుంది. ఆవిడ సిరాతో రాసిందంటే ఇక మా వంశం నిన్ను వదలదు."

నీన్కే నవ్వింది కానీ, రైలు పెద్ద నదుల మీది వంతెనలు దాటుతున్నంతసేపూ ఆమె మనసు ఆ క్యాలెండరు మీదే ఉంది. ఎవరింట్లోనైనా అది ఉండేది ఒకటే చోటు, కూర్చున్న మనిషి కళ్ళకి ఎదురుగా. దాంట్లో సంవత్సరం ఉండదు, వారం ఉండదు. తేదీలూ, వాటి పక్కన పేర్లూ, అంతే. ఏడాది మారినా అదే. ఆమె పుట్టింది అక్టోబరు తొమ్మిది. పెళ్ళికి నానమ్మ మోకాలి నొప్పితో రాలేకపోయింది. కుట్టుపువ్వుల తువ్వాళ్ళు నాలుగు పంపింది. ఆ నాలుగూ నీన్కే ఇంతవరకూ వాడలేదు, ముట్టుకుని చూసుకోవడమే.

నానమ్మ పేరు నేల్చే. ఎనభై రెండేళ్ళు. చిన్న మనిషి, నిటారుగా నిలబడుతుంది. తలుపు తీసి రీనుస్ బుగ్గల మీద మూడు ముద్దులు పెట్టింది, నీన్కేకి చెయ్యి చాచింది. కాఫీ పోసింది. బిస్కెట్ల డబ్బా మూత తీసి ఒక్కొక్కటి ఇచ్చి మూత పెట్టింది. బల్ల మీద ఆ ఊరి బోలుస్‌లు, దాల్చినచెక్క పాకంలో చుట్టలు చుట్టిన రొట్టెలు, వేరే పళ్ళెంలో ఉన్నాయి. వేళ్ళు అంటుకుపోతుంటే నీన్కే ఒక్కో వేలూ నాకి మరీ తింది. నానమ్మ అది చూసింది.

"నువ్వు పాత కాగితాలు అతికిస్తావటగా," అంది.

"అవునండీ. అతికిస్తాను, మరకలు తీస్తాను."

"తీస్తే పోతాయా?"

"కొన్ని పోతాయి. కొన్నిటిని పోనివ్వకూడదు."

నానమ్మ తల ఊపింది. పరీక్ష ఒక మెట్టు దాటినట్టే అనిపించి నీన్కే మెల్లగా లేచింది.

టాయిలెట్లో మసక బల్బు. ఎదురుగా క్యాలెండరు, మార్చి పుట తెరిచి ఉంది. ఆమె ఆగలేక పుటలు ఎత్తి అక్టోబరు చూసింది. తొమ్మిది పక్కన ఖాళీ. ఎనిమిదిన ఎవరో కోర్, పదకొండున ఎవరో యాన్నా. మధ్యలో తెల్లటి కాగితం. పుటలు వదిలేస్తే మళ్ళీ మార్చి వచ్చింది. నల్లటి సిరాలో పొందికైన అక్షరాలు. చనిపోయినవాళ్ళ పేర్ల మీద స్కేలు పెట్టి గీసిన గీత. ఈ పుట మీద అలాంటివి మూడు. మూడోది ఎల్లుండి తేదీ దగ్గర: లేనీ. రీనుస్ మేనత్త పేరు లేనీ అని ఒకసారి విన్న గుర్తు.

అయ్యో, అనుకుంది. ఎల్లుండి ఈవిడకి కష్టమైన రోజు. ఎవరూ నాకు చెప్పనేలేదు.

తిరిగి వచ్చి కూర్చుని, తనవాళ్ళ ఇంట్లో అందరూ చేసే పనే చేసింది. చనిపోయినవాళ్ళ పుట్టినరోజు దగ్గరపడితే ఒక్క మాట అనడం. నానమ్మ చేతి మీద చెయ్యి వేసి, "నానమ్మగారూ, ఎల్లుండి మీకు బరువుగా ఉంటుంది కదా. లేనీగారు పోయి ఎన్నాళ్ళయింది?" అంది.

రీనుస్ గొంతులో బోలుస్ అడ్డం పడింది.

"పోయిందా?" అంది నానమ్మ. "నీకెవరు చెప్పారు?"

"గీత చూశానండీ... క్యాలెండర్లో..."

"లేనీ అత్త బతికే ఉంది నీన్కే," అన్నాడు రీనుస్ దగ్గుతూ. "మాస్ట్రిక్ట్‌లో ఉంది."

"ఉంటే ఉండనీ. అక్కడుంది. ఇక్కడ లేదు." నానమ్మ తన చెయ్యి మెల్లగా లాక్కుంది. ఎవరూ తియ్యని బిస్కెట్ల డబ్బా మూతని ఇంకోసారి గట్టిగా అదిమింది. "అంత పెద్ద కళ్ళు పెట్టుకుని పాత కాగితాలు చదివే పిల్లవి. చదివిందంతా బయటికి చదవాలా?"

సాయంత్రం వెలుతురు ఉండగానే ఇద్దరూ కాలువ గట్టు మీద నడిచారు. నీన్కే చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"నా అక్టోబరు తొమ్మిది ఇక జన్మలో నిండదు."

"నిండుతుందిలే బంగారం. పదేళ్ళు పడుతుంది, అంతే." ఒక వంతెన దగ్గర ఆగాడు. "పడవలు వచ్చినప్పుడు తాతయ్య ఎత్తేవాడు దీన్ని. పడవలవాళ్ళు తొందరపెడితే ఆయన అరుపు చర్చి గోపురం దాకా వినిపించేది. వంతెన కేస్ అంటే ఊరంతటికీ తెలుసు."

"లేనీ అత్త ఏం చేసింది?"

"నవ్వింది."

"నవ్వితే?"

"తాతయ్య అంత్యక్రియల్లో. పాస్టరు మాట్లాడుతుంటే పకపకా నవ్వింది. నాకప్పుడు పదిహేనేళ్ళు, చివరి బల్ల మీద కూర్చున్నా. చర్చి మొత్తం ఆవిడ వైపు తిరిగింది. నానమ్మ పాపం రుమాల్లో మొహం దాచుకుంది. భుజాలు ఎలా కదిలిపోయాయో నాకిప్పటికీ గుర్తు. ఆ రాత్రే స్కేలు తీసింది. పదకొండేళ్ళయింది."

"ఎందుకు నవ్విందో ఎవరూ అడగలేదా?"

"మా ఇంట్లో అడగరు. రాస్తారు, కొట్టేస్తారు."

నీన్కే కమ్మీ పట్టుకుని నీళ్ళలోకి చూసింది. ఒక్క నవ్వుకి పదకొండేళ్ళు. నిన్నటినుంచి తను ఎన్నిసార్లు నవ్విందో లెక్క వేసుకుంటే, ఈ ఇంటి కొలత ప్రకారం తనకి యావజ్జీవమే.

శనివారం పొద్దున్న బయల్దేరే ముందు ఆమె మళ్ళీ టాయిలెట్లోకి వెళ్ళింది. ఈసారి క్యాలెండరు వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకునే వెళ్ళింది. కానీ పైనున్న చిన్న కిటికీలోంచి ఎండ ఏటవాలుగా సరిగ్గా ఆ పుట మీదే పడుతోంది. మూడు గీతల్లో రెండు నల్లగా, పొడిగా ఉన్నాయి. మూడోది మెరిసింది.

సిరా మెరవదు, పెన్సిలు గీత మెరుస్తుంది. పుట ఎత్తి వెనకవైపునుంచి చూసింది, పనిలో చూసినట్టే. రెండు గీతలూ వెనక్కి దిగాయి, కాగితం మీద గాడి పడింది. మూడోదానికి గాడి లేదు. వేలి కొనతో రాసి చూసింది. నున్నగా ఉంది. గీసిన చెయ్యి స్కేలుని గట్టిగానే పట్టుకుంది కానీ పెన్సిలుని మాత్రం అదమలేదు.

గుమ్మం దగ్గర నానమ్మ రీనుస్ సంచిలో బోలుస్‌ల పొట్లం పెట్టింది. "రేపెక్కడుంటారు?"

"మధ్యాహ్నం రైలుకి ఇంటికి, నానమ్మా."

"దేవుడి రోజున, ఆదివారం రైలా!" ఆవిడ మొహం చిట్లించింది. "ఈ గుమ్మంలోంచి ఆదివారం నాడు స్టేషనుకి పోయినవాళ్ళు ఇంతవరకూ లేరు. మీ తాతయ్య కూడా ఎక్కలేదు. వంతెన ఎత్తాడంటే అది డ్యూటీ." తర్వాత నీన్కే వైపు తిరిగి, "చేరగానే ఫోను చెయ్యండి," అంది. ముద్దులు ఈ రోజూ లేవు, చెయ్యే.

రైలు కదలగానే నీన్కే పెన్సిలు సంగతి చెప్పింది.

"అయితే?" అన్నాడు రీనుస్.

"మా పనిలో అసలు పత్రం మీద పెన్సిలు తప్ప ఇంకేదీ పెట్టనివ్వరు. ఎందుకో తెలుసా? రేపు తుడిచేసే వీలుండాలని. రీనుస్, ఆవిడ ఆ ఇంట్లో పెన్సిలు వెతుక్కుని మరీ గీసింది!"

"బంగారం, మనం హనీమూనుకి వచ్చాం. తవ్వకాలకి కాదు."

"అరగంట. ఒక్క అరగంట చూసి వద్దాం మీ అత్తని."

"చెప్పకుండా వెళ్ళి తలుపు తడితే పోలీసుల్ని పిలుస్తారు."

"చెప్పే వెళ్దాం."

నంబరు కోసం రీనుస్ తండ్రికి మెసేజి పెట్టారు. ఆయన ఎందుకని అడగలేదు. నంబరు పంపి కింద "నా పేరు చెప్పొద్దు" అని రాశాడు. రీనుస్ ఫోను చేస్తే అవతల డైరీ పుటలు తిరగేస్తున్న చప్పుడు. "ఈ రోజు... రెండున్నరనుంచి మూడున్నరదాకా ఖాళీ," అంది లేనీ అత్త.

మిర్తె స్టేషనుకి వచ్చి నీన్కేని ఎత్తి గిరగిరా తిప్పింది. సామాను ఇంట్లో పడేయగానే మళ్ళీ బయల్దేరుతున్నారని విని, "పెళ్ళయిన నెల్లోనే అత్తగారి తరఫు తగాదాలు తీర్చడానికి పోతున్నావా? నీకు జీతం ఎంతిస్తున్నారే?" అని వెక్కిరించింది. వెక్కిరిస్తూనే తన సైకిలు తాళం చేతిలో పెట్టింది. రీనుస్ తొక్కాడు, నీన్కే వెనక ఎక్కి అతని నడుము పట్టుకుంది. రాళ్ళు పరిచిన సందుల్లో ఇద్దరి పళ్ళూ టకటకలాడాయి.

లేనీ అత్త దర్జీ. గదినిండా కార్నివాల్ కోట్లు వేలాడుతున్నాయి. పండగ అయిపోయి నెల దాటింది. ఇప్పుడు వాటి బంగారు జరీ అంచులన్నీ విప్పి, ఉతికించి, మళ్ళీ కుట్టాలి. యాభై ఆరేళ్ళ మనిషి, పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతోంది. రీనుస్‌ని పైనుంచి కిందికి చూసి, "అదే వంతెన కేస్ మెడ," అంది. తర్వాత సూదులన్నీ ఒక్కొక్కటిగా తీసి దిండుకి గుచ్చింది. అంతసేపూ కళ్ళు ఎత్తలేదు.

కాఫీ, పక్కన ఆ ఊరి పండ్ల రొట్టె, చెర్రీపళ్ళ ఫ్లాయ్. ఆ ఊళ్ళో ముక్కలు పెద్దవి. సగం తిన్నాక నీన్కే ఉండబట్టలేక, "అత్తా, ఎందుకు నవ్వారు?" అంది.

రీనుస్ కుర్చీలో కదిలాడు. లేనీ అత్త ఆమెని తేరిపార చూసింది.

"పదకొండేళ్ళలో ఇది అడిగిన మొదటి మనిషివి," అంది. "పాస్టరు ఏమన్నాడో తెలుసా? 'మన సోదరుడు కేస్ జీవితంలో ఎన్నడూ గొంతు పెంచి ఎరగడు' అన్నాడు."

రీనుస్ నోట్లో కాఫీ నిలవలేదు.

"చూశావా! నీకే ఆగలేదు. నేను మాత్రం ఆపుకున్నాను. చెంప లోపల కొరుక్కుని మరీ ఆపుకున్నాను. అప్పుడు అమ్మ వైపు చూశాను. రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. అందరూ ఏడుస్తోందనుకున్నారు. భుజాలు చూస్తే నాకు తెలియదా? నా చిన్నప్పుడు నాన్న పడవలవాళ్ళ మీద అరిచినప్పుడల్లా వంటింట్లో అలాగే నవ్వేది, చప్పుడు రాకుండా. అది చూశాక ఇక నావల్ల కాలేదు." ఆవిడ ఒక జరీ అంచు అందుకుని చిన్న కత్తెరతో కుట్టు విప్పసాగింది. "బయటికొచ్చాక అమ్మ అందరి ముందూ 'నాన్న శవపెట్టె ముందు నవ్వావు' అంది. నేను కూడా నవ్వానే అంటుందేమోనని చూశాను. అనలేదు. నువ్వూ నవ్వావుగా అని నేనూ అనలేదు. ఊరి ముందు అమ్మ పరువు తియ్యనా?"

"ఎవరికీ చెప్పలేదా?" అన్నాడు రీనుస్.

"ఇప్పుడు చెప్పాగా."

నీన్కే టాయిలెట్ ఎటని అడిగింది. ఎదురుగా క్యాలెండరు, తళతళలాడే ఎర్ర బార్డరుతో. పుటలు ఎత్తుతూ పోతే నవంబరులో దొరికింది. "అమ్మ". సిరాతో. గీత లేదు, గుర్తు లేదు.

బయటికి వచ్చేసరికి మూడున్నర అవుతోంది. రీనుస్ కోటు అందుకున్నాడు. నీన్కే మాత్రం నిలబడి నానమ్మ గీసిన పెన్సిలు గీత గురించి చెప్పింది. మెరుపు, వెనక గాడి లేకపోవడం, అన్నీ. లేనీ అత్త కత్తెర ఆగింది.

"పెన్సిలా? నిజంగా?"

"నా ఉద్యోగమే అదండీ."

ఆవిడ గడియారం చూసింది. కత్తెర కింద పెట్టింది. "బంగాళదుంపలు ఐదుగురికి సరిపడా ఉన్నాయి. తిని వెళ్ళండి," అంది.

రీనుస్ కోటు మళ్ళీ తగిలించాడు. ముందు పిలవనివాళ్ళని రాత్రి భోజనానికి ఉండమనడమంటే ఇక్కడ చిన్న విషయం కాదు, అతనికి తెలుసు.

ఐదింటికి వంటింట్లో దుంపలు ఉడుకుతుండగా నీన్కేకి గుర్తొచ్చింది, చేరగానే ఫోను చెయ్యమన్నారు. కోట్ల మధ్య నిలబడి చేసింది.

"చేరాం నానమ్మగారూ."

"ఇంత ఆలస్యంగానా? మధ్యాహ్నంనుంచీ ఫోను పక్కనే కూర్చున్నా."

"క్షమించండి. ఇంకొక్క మాటండీ." ఆ మాట ఆమె వెతుక్కోనక్కర్లేనిది. పుట్టిన మనిషికే కాదు, తల్లికీ తండ్రికీ అన్నకీ పక్కింటివాళ్ళకీ చెప్పే మాట, ఏ పుట్టినరోజున ఏ గదిలోకి వెళ్ళినా వరసగా అందరి చేతులూ పట్టుకుని చెప్పేదే. "రేపు మీ అమ్మాయి పుట్టినరోజు. మీకు శుభాకాంక్షలు నానమ్మగారూ."

అవతల గోడగడియారం వినిపించింది.

"ముందు రోజు చెప్పకూడదు," అంది నానమ్మ చివరికి. "ఆ రోజే చెప్పాలి. చెయ్యి పట్టుకుని చెప్పాలి." ఫోను పెట్టేసింది.

నీన్కే తిరిగొచ్చి బల్ల ముందు కూర్చుంది. ఏమైందని రీనుస్ అడిగితే తల అడ్డంగా ఊపింది. అక్టోబరు మాట అటుంచి, ఈ ఇద్దరి మధ్యా ఉన్న పెన్సిలు మీద తనే సిరా పోసినట్టుంది. లేనీ అత్త పళ్ళేల్లో దుంపలు వడ్డించింది, మధ్యలో గుంట చేసి గ్రేవీ పోసింది.

రెండో ముద్ద నోట్లో ఉండగా రీనుస్ ఫోను మోగింది. నానమ్మ. అతను భయంభయంగా స్పీకరు నొక్కి బల్ల మధ్యలో పెట్టాడు.

"ఆ పిల్ల ఉందా?"

"ఉన్నానండీ."

"నీ పుట్టినరోజు ఎప్పుడు? పెన్ను చేతిలో ఉంది."

"అక్టోబరు... తొమ్మిది."

"కోర్‌కీ యాన్నాకీ మధ్య. సరిపోతుంది." పెన్ను గీరుతున్న చప్పుడు. ఆ తర్వాత గొంతు కాస్త తగ్గింది. "గీతలు తుడుస్తావా నువ్వు? కాగితం చిరక్కుండా?"

"మెత్తని రబ్బరుతో అయితే ఆనవాలే ఉండదండీ."

"నేనే తుడుద్దామని చూశా. చెయ్యి వణుకుతోంది. అందుకే క్యాలెండరు గోడ మీంచి తీసి సంచిలో పెట్టా." ఆగింది. "మీరున్నది మాస్ట్రిక్ట్‌లోగా. లేనీ పక్కనే ఉందా?"

లేనీ అత్త చేతిలో గరిటె గాలిలోనే నిలిచిపోయింది. గ్రేవీ చుక్క ఒకటి బల్లగుడ్డ మీద పడింది.

"ఉన్నానమ్మా," అంది.

ఫోనులో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"నీ ఇంట్లో కుర్చీలెన్ని?" అంది నానమ్మ.

"ఆరు."

"పుట్టినరోజుకి వేసినట్టు గుండ్రంగా వేసి ఉంచు. కేకు కొనకు, మీ ఊరి పండ్ల రొట్టె నాకు పడదు. బోలుస్‌లు తెస్తున్నా. రేపు ఎనిమిదిన్నర రైలు."

"నానమ్మా, రేపు ఆదివారం!" అన్నాడు రీనుస్.

"నాకు వారాలు తెలుసు."

"అమ్మా, నీ మోకాలు..."

"అది కూడా నాతోనే వస్తుంది. టికెట్టు అక్కర్లేదు దానికి."

"పాస్టరు అడిగితే ఏం చెప్తావు?" అంది లేనీ అత్త. అప్పటికే ఆవిడ గరిటెని నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

ఫోనులోంచి చప్పుడు రాకుండా ఆపుకుంటున్న ఊపిరి వినిపించింది, ఒకసారి, రెండుసార్లు.

"నవ్వొచ్చిందని చెప్తాలే," అంది నానమ్మ. "పన్నెండున్నరకి స్టేషనుకి రండి. ముగ్గురూ."